మోటారుతో డైనమో, డైనమోతో మోటారు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మెషిన్స్ ల్యాబ్ చూస్తాను. ‘సార్, ఒక్కసారి స్టార్ట్ చేసి వదిలేస్తే ఇక కరెంటు అక్కర్లేకుండా అదే కరెంటు ఇస్తుందట, నిజమేనా?’ అని ఏటా నలుగురైదుగురు అడుగుతారు. కొందరు ఫోన్లో వీడియో చూపిస్తారు. కొందరు నోటుబుక్కులో బొమ్మ గీసుకొస్తారు. ఒకాయన ఏకంగా మెషిన్‌నే ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ రాసి పెట్టాను. వరసగానే చదవాలని లేదు.

అసలు నిరంతర చలన యంత్రం అంటే ఏమిటి?

బయటి నుంచి ఏమీ తీసుకోకుండా, లేదా తీసుకున్నదానికంటే ఎక్కువ ఇస్తూ ఎప్పటికీ నడిచే యంత్రం. వీడియోల్లో దీన్నే ‘ఫ్రీ ఎనర్జీ’ అంటున్నారు.

పాత పేరులోనే ఓ తిరకాసు ఉంది. ‘చలనం’ అనగానే మన కళ్ళు చక్రం మీదికి పోతాయి. తిరుగుతోందా లేదా అని చూస్తాం. తిరగడం పెద్ద విషయం కాదు, భూమి కూడా తిరుగుతూనే ఉంది. ఆ తిరిగేదానితో బల్బు వెలిగించాలి, బోరు నడపాలి, అయినా అది తగ్గకుండా తిరగాలి అన్నప్పుడే పేచీ. మేత వేయకుండా గేదెను బతికించడం ఒక ఎత్తు, దాని దగ్గర పూటకి రెండు లీటర్లు పిండుకోవడం ఇంకో ఎత్తు.

మోటారు డైనమోని తిప్పుతుంది, డైనమో మోటారుకి కరెంటు ఇస్తుంది. మిగిలింది మనం వాడుకోవచ్చు కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ ట్రాలీ ఆటో ఆయన మెషిన్ కూడా ఇదే. 1 హెచ్‌పీ మోటారు, బెల్టు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న 20 కిలోల ఇనుప చక్రం, అవతల డైనమోగా పనిచేసే చిన్న ఆల్టర్నేటర్, అన్నిటికీ కలిపి ఆకుపచ్చ రంగు వేసిన ఫ్రేమ్. అమ్మినవాడు దానికి 85,000 రూపాయలు తీసుకున్నాడు. ‘సెట్టింగ్ కొంచెం తేడా వచ్చింది, మీ మెకానిక్‌కి చూపించుకోండి’ అన్నాడట. అందుకే మా దగ్గరికి తెచ్చాడు.

మోటారు వైపు ఒక వాట్‌మీటరు, ఆల్టర్నేటర్ వైపు ఒకటి పెట్టాం. బల్బులేవీ లేకుండా ఖాళీగా తిరుగుతున్నప్పుడే మోటారు 400 వాట్లకి కాస్త పైన లాగుతోంది. ఒక 100 వాట్ల బల్బు వేశాం, 560 దాకా వెళ్ళింది. మూడు వేశాక 860. అప్పటికి మోటారు మూలుగుడు గది బయటికి వినిపిస్తోంది, బెల్టు వాసన మొదలైంది. 860 పోస్తే 300 వస్తోంది. ‘సార్, గోడ ప్లగ్గు పీకి దాని కరెంటే దానికి ఇచ్చేద్దాం, అప్పుడు చూడండి’ అన్నాడాయన. బల్బులు తీసేసి అలాగే చేశాం. పదకొండు సెకన్లలో చక్రం ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, ‘ఇంకో పెద్ద చక్రం వేస్తే?’ అని అడిగాడు.

ఇక్కడ చూడాల్సింది ఆ 560, 860 అంకెలు. డైనమో అనేది కరెంటు పుట్టే బావి కాదు. అవతల బల్బు వేసిన క్షణంలోనే డైనమో తిరగడానికి మొరాయిస్తుంది. తీగచుట్టలో కరెంటు పారగానే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడి, ఏ తిరుగుడు వల్ల ఆ కరెంటు పుట్టిందో దాన్నే వెనక్కి లాగుతుంది. దీన్ని 1834లో లెంజ్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఆ లాగుడుకి ఎదురు నిలిచి తిప్పితేనే కరెంటు. పాత సైకిల్ డైనమో గుర్తున్నవాళ్ళకి ఇది పుస్తకంలో చదవక్కర్లేదు. రాత్రిపూట డైనమో టైరుకి ఆనించగానే పెడల్ బరువెక్కేది, అదే లెంజ్ నియమం.

ఫ్లైవీల్ పెద్దది పెడితే బలం పెరుగుతుంది కదా?

ఫ్లైవీల్ అంటే ఆ బరువైన ఇనుప చక్రమే. అది డబ్బాలాంటిది. పోసిందే ఇస్తుంది, కొంచెం ఒలకబోసి మరీ ఇస్తుంది. పై మెషిన్‌లోని 20 కిలోల చక్రం, 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం, నిమిషానికి 1500 చుట్లు. లెక్క కడితే అందులో దాగిన శక్తి సుమారు 4,900 జౌల్స్. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. ఖాళీగా తిరగడానికే 400 వాట్లు కావాలి కాబట్టి 4,900ని 400తో భాగించండి, పన్నెండు సెకన్లు. మాకు పదకొండు వచ్చింది.

వీడియోల గుట్టు ఇక్కడే ఉంది. అదే 4,900 జౌల్స్ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకి కాగితం మీద 9 నిమిషాలు వస్తాయి. మంచి బేరింగులు, ఇంకాస్త బరువైన చక్రం, చిన్న బల్బు ఉంటే ప్లగ్గు పీకాక కూడా రెండు మూడు నిమిషాలు వెలుగుతుంది. వీడియో అంతకంటే పొడుగు ఉండదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ ముందు చక్రానికి డైనమో పెడితే నడుస్తూ నడుస్తూ చార్జ్ అవుతుంది కదా? ఇంత చిన్న ఐడియా కంపెనీలకి తట్టలేదా?

తట్టింది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే అలా చేస్తారు. ఎలాగూ బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా పోయేదాన్ని కొంత వెనక్కి పట్టుకుంటారు. మామూలుగా వెళ్తున్నప్పుడు పెడితే ఆ డైనమోని తిప్పే బరువు కూడా బ్యాటరీ మీదే పడుతుంది. పది రూపాయలు తీసి ఏడు రూపాయలు జేబులో వేసుకోవడం. బస్సు పైన గాలిమర పెట్టే ఐడియా కూడా అంతే.

అయస్కాంతానికి ఎప్పటికీ బలం ఉంటుంది. ఆ బలాన్ని వాడుకుంటే తప్పేంటి?

బలం వేరు, శక్తి వేరు. గోడకి కొట్టిన మేకు క్యాలెండర్‌ని ఏడాదంతా మోస్తుంది. మేకుకి రోజూ ఎవరైనా అన్నం పెడుతున్నారా? కదలిక లేనిచోట ఎంత బలం ఉన్నా పని జరగదు. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం కూడా అంతే.

‘కానీ అది చక్రాన్ని లాగుతుందిగా!’ లాగుతుంది. దగ్గరికి వచ్చేటప్పుడు లాగి ఎంత వేగం ఇచ్చిందో, దాటి వెళ్ళేటప్పుడు వెనక్కి లాగి అంతా తీసేసుకుంటుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మిగిలేది సున్నా, పైగా ఘర్షణ నష్టం. అయస్కాంతాలను వంకరగా పెట్టినా, సగం ఇనుప రేకుతో కప్పినా లెక్క మారదు. మా విద్యార్థి ఒకడు నలభై రకాలుగా అమర్చి చూశాడు. ప్రతిసారీ చక్రం కాసేపు ఊగి ఒకే చోట ఆగేది. ఆ చోటికి వాడు ‘మొండి పాయింటు’ అని పేరు పెట్టాడు.

మరి శ్రీశైలంలో వదిలిన నీళ్ళనే పైకి పంపు చేసి మళ్ళీ కరెంటు తీస్తారు. అది ఫ్రీ ఎనర్జీ కాదా?

మంచి ప్రశ్న. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. నీళ్ళు కిందికి దిగితే టర్బైన్లు, కరెంటు ఇచ్చి వెనక్కి తిప్పితే అవే పంపులు. నాగార్జునసాగర్‌లో కూడా అలాంటివి ఏడు ఉన్నాయి. కానీ పైకి ఎక్కించడానికి 100 యూనిట్లు ఖర్చయితే దింపినప్పుడు 75 నుంచి 80 వస్తాయి. ప్రతి రౌండుకీ నష్టమే, అది తెలిసే చేస్తారు. ఎవరికీ అక్కర్లేని వేళ మిగిలిపోయే కరెంటుతో నీళ్ళు ఎక్కించి, సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే వేళకి దింపుతారు. అక్కడ లాభం టైములో ఉంది, శక్తిలో కాదు. నిల్వ పచ్చడి లాంటి ఏర్పాటు.

దీని వెంటే వచ్చే ప్రశ్న, మా అపార్ట్‌మెంట్ ట్యాంకు నీళ్ళు దిగే పైపుకి చిన్న టర్బైన్ పెడితే? 10,000 లీటర్లు, 15 మీటర్ల ఎత్తు. మొత్తం శక్తి 14.7 లక్షల జౌల్స్, అంటే 0.4 యూనిట్. వంద శాతం పట్టుకున్నా మూడు నాలుగు రూపాయల కరెంటు. ఆ నీళ్ళు ఎక్కించడానికి మీ పంపు అంతకు దాదాపు రెట్టింపు తాగి ఉంటుంది. పైగా టర్బైన్ పెడితే పై అంతస్తుల్లో షవర్ రాదు.

మన భాస్కరాచార్యుడు ఎప్పుడో కనిపెట్టాడంటారు?

రాశాడు, నిజమే. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో యంత్రాల గురించి చెప్పేచోట తేలిక కొయ్యతో చేసిన చక్రం ఉంది. దాని ఆకులు బోలుగా ఉంటాయి, వాటిలో సగం వరకు పాదరసం పోసి మూసేస్తే చక్రం తనంతట తాను తిరుగుతుంది అని వర్ణన. అంతకు ఐదు వందల ఏళ్ళ ముందు బ్రహ్మగుప్తుడు కూడా ఇలాంటిదే చెప్పాడు. ఐరోపాలో 1230ల ప్రాంతంలో విలార్ ద ఒనెకూర్ అనే ఫ్రెంచివాడు సుత్తులు వేలాడే చక్రం గీశాడు.

అన్నిటిదీ ఒకటే ఆలోచన: దిగే పక్క బరువు ఇరుసుకి దూరంగా, ఎక్కే పక్క దగ్గరగా ఉండాలి. దూరంగా ఉంటే ఎక్కువ తిప్పుతుంది, ఇంతవరకూ కరెక్టే. కానీ బొమ్మని ఒక్క క్షణం ఆపి లెక్కపెట్టండి. దిగే పక్క దూరంగా ఉన్న బరువులు తక్కువ, ఎక్కే పక్క దగ్గరగా ఉన్నవి ఎక్కువ. రెండూ సరితూగి చక్రం నిలబడిపోతుంది. ఇంకో రకంగా చెప్పాలంటే, ఒక చుట్టు తిరిగాక ప్రతి పాదరసం బొట్టూ బయలుదేరిన ఎత్తుకే వస్తుంది. దిగేటప్పుడు ఇచ్చింది ఎక్కేటప్పుడు కట్టాల్సిందే.

దీనివల్ల భాస్కరుడి గొప్పతనం రవ్వంత కూడా తగ్గదు. లీలావతి రాసినవాడు ఆయనే. శక్తి అనే లెక్క ప్రపంచంలో ఎవరికీ తెలియని కాలం అది.

ఇంతమంది చూసి నమ్మారంటే ఏదో ఒకటి ఉండి ఉంటుంది కదా?

ఉంటుంది. మామూలుగా అది గోడ అవతల ఉంటుంది.

1812లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చార్లెస్ రెడ్‌హెఫర్ ఒక యంత్రం పెట్టి, టికెట్టు పెట్టి చూపించాడు. చూడటానికి వచ్చిన ఇంజనీర్ కుటుంబంలో ఒకాయన గేర్ల పళ్ళు గమనించాడు. యంత్రంలో ఈ గేరు ఆ గేరుని తిప్పుతోందని చెబుతున్నారు, పళ్ళ అరుగుదల మాత్రం అవతలి పక్కన ఉంది. అంటే తిప్పేది రెండోది! రెడ్‌హెఫర్ అక్కడ దుకాణం కట్టేసి మరుసటి ఏడాది 1813లో న్యూయార్క్‌లో పెట్టాడు. ఈసారి చూడటానికి వచ్చింది ఆవిరి పడవల రాబర్ట్ ఫుల్టన్. యంత్రం చప్పుడు విన్నాడు. వేగం ఒకే తీరుగా లేదు, చుట్టు చుట్టుకీ కొంచెం పెరిగి కొంచెం తగ్గుతోంది. చేత్తో హ్యాండిల్ తిప్పితే వచ్చే తీరు అది. గోడకి యంత్రాన్ని నిలబెట్టినట్టున్న సన్నని చెక్కలు పీకేస్తే లోపల నరంతో చేసిన బెల్టు బయటపడింది. దాని వెంట పోతే అటక మీద ఒక గడ్డం ముసలాయన, ఒక చేత్తో రొట్టె తింటూ ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పుతూ కూర్చున్నాడట. రొట్టె సంగతి కొసరు కావచ్చు గానీ, బెల్టు, ముసలాయన మాత్రం కథలో ఎక్కడ చదివినా ఉంటారు.

జర్మనీలో బెస్లర్ అనే ఆయన తనంతట తానే తిరుగుతుందని చూపించిన చక్రం కథ ఇంకాస్త గట్టిది. 1717 నవంబరులో కోటలోని గదికి తాళం వేసి సీలు పెట్టారు. జనవరిలో తెరిస్తే ఇంకా తిరుగుతోంది. 1721లో హ్రావెసాండె అనే డచ్చి శాస్త్రవేత్త ఇరుసు చుట్టుపక్కల నిశితంగా చూడబోతే, బెస్లర్ కోపంతో తన చక్రాన్ని తానే పగలగొట్టాడు. తర్వాత 1727లో ఆ ఇంటి పనిమనిషి, పక్క గదిలోంచి మేమే తిప్పేవాళ్ళమని చెప్పింది. ఆమె మాట నమ్మని అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. సరే, ఆమెని పక్కన పెట్టినా, లోపల ఏముందో చూపించడానికి ఆయన ఎవరినీ అంత సులువుగా ఎందుకు రానివ్వలేదన్నది మిగిలే ఉంటుంది.

ఘర్షణ పూర్తిగా తీసేస్తే? అంతరిక్షంలో పెడితే?

తిరుగుతుంది. చాలాకాలం తిరుగుతుంది. కరెంటుకి అడ్డే లేని సూపర్ కండక్టర్ అనే పదార్థంతో చేసిన ఉంగరంలో వదిలిన కరెంటు ఏళ్ళ తరబడి తగ్గకుండా ప్రవహిస్తుంది. కానీ దాని నుంచి ఒక చిన్న బల్బుకి తీసుకున్నారనుకోండి, తీసుకున్నంతా తగ్గుతుంది. భూమి సంగతే చూడండి. సముద్రపు ఆటుపోట్ల రాపిడికి దాని తిరుగుడు మెల్లగా తగ్గుతోంది, అదే లెక్కలో చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఘర్షణ లేకపోవడం అంటే జేబుకి చిల్లు లేకపోవడం. అంతమాత్రాన జేబులో డబ్బులు పుట్టవు.

సైన్స్ మారుతూ ఉంటుంది. రేపు ఈ నియమం కూడా తప్పని తేలదా?

శక్తిని పుట్టించలేం, నాశనం చేయలేం, రూపం మాత్రమే మార్చగలం అనేదే శక్తి నిత్యత్వ నియమం. అది ఎవరో పెద్దమనిషి కూర్చుని చెప్పింది కాదు. 1840లలో జౌల్ అనే శాస్త్రవేత్త బరువులు కిందికి దింపి, వాటితో నీళ్ళలో తెడ్లు తిప్పి, ఆ నీళ్ళు ఎంత వేడెక్కాయో ఏళ్ళ తరబడి కొలిచాడు. ఒక కిలో నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 427 కిలోల బరువు ఒక మీటరు దిగాలి. ఎన్ని దారుల్లో చేసినా అదే అంకె.

ఆ తర్వాత 1918లో ఎమ్మీ నోథర్ అనే గణిత శాస్త్రవేత్త దీనికి వేరు ఎక్కడుందో చూపించింది. ప్రకృతి నియమాలు నిన్న, ఇవాళ, రేపు ఒకేలా ఉన్నంతకాలం శక్తి మొత్తం మారదు అని గణితంతో నిరూపించింది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇలా అనుకోండి: భూమ్యాకర్షణ సోమవారం తక్కువ, మంగళవారం ఎక్కువ ఉంటుందనుకుందాం. అప్పుడు సోమవారం తేలిగ్గా ట్యాంకు నింపి, మంగళవారం బరువుగా దింపి, వారం వారం లాభం తీయొచ్చు. మీ మెషిన్ పనిచేయాలంటే అలాంటి సోమవారం ఒకటి దొరకాలి.

గాల్లో, సముద్రంలో బోలెడంత వేడి ఉంది. దాన్ని లాగి కరెంటు చేస్తే శక్తి పుట్టించినట్టు కాదు కదా?

కాదు, పైన చెప్పిన శక్తి నిత్యత్వ నియమానికి ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ అడ్డొచ్చేది వేడి గురించిన ఇంకో నియమం, ఉష్ణగతిక శాస్త్రంలో రెండోది. వేడి ఉంటే చాలదు, వేడి తేడా కావాలి. ఎత్తు తేడా లేని చెరువులో ఎన్ని నీళ్ళున్నా టర్బైన్ తిరగనట్టే.

1881లో జాన్ గామ్‌గీ అనే ఆయన ‘జీరోమోటార్’ అనే ఇంజన్ ఆలోచనని అమెరికా నౌకాదళానికి చూపించాడు. అమ్మోనియా సున్నాకి దిగువ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాబట్టి మామూలు నీటి వేడికే ఆవిరై పిస్టన్ నెడుతుంది, బొగ్గు అక్కర్లేదు. నౌకాదళం చీఫ్ ఇంజనీర్ కూడా మెచ్చుకుంటూ రిపోర్టు రాశాడు. పిస్టన్ నెట్టాక ఆ ఆవిరి మళ్ళీ ద్రవం కావాలి, అందుకు అంతకంటే చల్లటి చోటు కావాలి. ఆ చల్లదనం తయారుచేయడానికి అయ్యే ఖర్చు పిస్టన్ ఇచ్చినదానికంటే తగ్గదు. ఓడ కదల్లేదు.

నీళ్ళతో నడిచే కారు?

నీళ్ళంటే కాలిపోయిన హైడ్రోజన్. పొయ్యిలో బూడిద మళ్ళీ మండదు. విడగొట్టడానికి ఎంత పోస్తారో మండించినప్పుడు అంతకంటే ఎక్కువ రాదు. 1996లో తమిళనాడులో మూలికలు, నీళ్ళతో పెట్రోలు అని దేశమంతా ఊగిపోయింది. అది 2016లో చెన్నై కోర్టులో జైలుశిక్షతో తేలింది.

టెస్లా కనిపెడితే తొక్కేశారట కదా? ఆయిల్ కంపెనీలు బయటికి రానివ్వవట?

టెస్లా 1901లో మొదలుపెట్టిన వార్డెన్‌క్లిఫ్ టవర్ తీగల్లేకుండా సమాచారం, కరెంటు పంపడానికి. పంపే కరెంటు మామూలుగా తయారైందే. డబ్బులు ఆగిపోయి అది ఆగింది.

ఇక తొక్కేయడం గురించి. మన దగ్గర 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తున్నారు, దాని సబ్సిడీ ఏటా వేల కోట్లు. మేత లేకుండా నడిచే మోటారు ఒక్కటి నిజంగా ఉంటే ఏ ముఖ్యమంత్రి అయినా పార్టీ చూడకుండా దాన్ని ప్రతి బోరుకీ పెట్టిస్తాడు. అసలు అంత దూరం ఎందుకు, అమ్మేవాడి సొంతింటికి కరెంటు మీటరు ఉందేమో చూడండి.

పేటెంట్ నంబరు చూపిస్తున్నారు మరి?

అది అప్లికేషన్ నంబరేమో చూడండి. ఫీజు కట్టి దరఖాస్తు ఎవరైనా పెట్టొచ్చు, నంబరు వస్తుంది. 1970 నాటి మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం స్థిరపడిన ప్రకృతి నియమాలకు బాహాటంగా విరుద్ధమైనదానికి పేటెంట్ ఇవ్వరు. పారిస్ సైన్సెస్ అకాడమీ అయితే 1775లోనే ఇలాంటివి ఇక పరిశీలించమని చెప్పేసింది.

ఏళ్ళ తరబడి కీ ఇవ్వకుండా నడిచే గడియారాలు ఉన్నాయిగా?

ఉన్నాయి, అద్భుతమైనవి. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీలోని బెవర్లీ గడియారం 1864 నాటిది. గది వేడి రోజూ కొంచెం పెరిగి తగ్గడమే దానికి మేత. సోలార్ ప్యానెల్‌కి ఎండ ఉన్నట్టు. వేడి మారకుండా నిలిచిన రోజుల్లో అదీ ఆగిపోతుంది.

ఎవరైనా మెషిన్ చూపిస్తే నేనేం చూడాలి?

ముందు, పనిచేసే లోడు వేయమనండి. ఎల్‌ఈడీ బల్బు కాదు, హీటరో ఇస్త్రీ పెట్టో వేయించండి. ఆ తర్వాత బయటి కరెంటు, బ్యాటరీ రెండూ తీసేసి గంట నడపమనండి. రెండు వైపులా వాట్‌మీటరే పెట్టాలి. ఆంపియర్లు మాత్రమే చూపే క్లాంప్ మీటరు పెట్టి, ఆ ఆంపియర్లని 230 వోల్టులతో గుణిస్తే నమ్మకండి, ఎందుకంటే ఖాళీగా తిరిగే మోటారు 3 ఆంపియర్లు చూపిస్తూ నిజానికి 250 వాట్లే వాడుతుంది. అమ్మేవాళ్ళు అవుట్‌పుట్ వైపు అలాంటి మోటారు తగిలించి 690 వాట్లు అని లెక్క చెబుతారు. ‘లోడు వేస్తే సెట్టింగ్ పోతుంది’ అన్నారంటే ఇక అక్కడ టీ తాగి వచ్చేయడమే. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే రసీదు, ఫోన్ మెసేజ్‌లు జాగ్రత్త చేసి పోలీసు కంప్లయింట్ ఇవ్వండి. మా ట్రాలీ ఆటో ఆయన దగ్గర రసీదు లేదు.

మా అబ్బాయి సైన్స్ ఫెయిర్‌కి ఇది చేస్తానంటున్నాడు. వద్దనాలా?

అస్సలు అనకండి. పాత సైకిల్ తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం గట్టిగా తిప్పి వదలమనండి. ఎన్ని సెకన్లు తిరిగిందో రాసుకోవాలి. రెండోసారి డైనమో ఆనించాలి, బల్బు తీగ ఊడదీసి ఉంచాలి. మూడోసారి డైనమోతో పాటు బల్బు కూడా. మా దగ్గర ఫస్టియర్ అమ్మాయి ఒకతి చేస్తే మొదటిసారి 74 సెకన్లు, తర్వాత 16, చివరికి 9 వచ్చింది. ఆ 16కీ 9కీ మధ్య తేడా ఎక్కడికి పోయిందని అడిగితే, బల్బు కేసి చూపించింది.